వెండెలిన్ పిర్రల మీటరు

వెండెలిన్ రెట్టరాట్ ముప్పై ఏళ్ళు పిర్రలతో సంపాదించుకు తిన్నాడు. ఈ మాట వెటకారానికి అనడం లేదు, టైర్ల కంపెనీలో ఆయన ఉద్యోగమే అది. కొత్త టైర్లు వేసిన కారెక్కాలి, ఐఫెల్ కొండదారుల్లో మలుపులన్నీ తిప్పాలి, టైరు రోడ్డుని ఎక్కడ పట్టుకుంటోందో ఎక్కడ వదిలేస్తోందో కూర్చున్న చోటుతోనే కనిపెట్టాలి, దిగాక పదికి ఇన్ని అని మార్కులు వెయ్యాలి. మా వైపు కార్ల పిచ్చివాళ్ళు ఆ చోటుకి ముద్దుగా పోపోమీటర్ అని పేరు పెట్టుకున్నారు. మన మాటలో చెప్పుకుంటే పిర్రల మీటరు.

రింగ్ అని మేం పిలుచుకునే కార్ల పందేల రోడ్డు చుట్టుపక్కల ఊళ్ళలో ప్రతివాడికీ తనకా మీటరు ఉందని గొప్ప నమ్మకం. గొడ్ల డాక్టరుకీ ఉంది, మాంసం కొట్టు అతనికీ ఉంది, ఆ మధ్య బదిలీ మీద వచ్చిన పాదిరీగారు కూడా తనకి కొద్దిగా ఉందనే అన్నారు. ఆ రోడ్డు పక్కన పుట్టిపెరిగితే అది పాలతోపాటు వచ్చేస్తుందనుకుంటారు. కానీ వెండెలిన్‌ది వేరని వాళ్ళే ఒప్పుకుంటారు. గాలి ఒక్క టైరులో కాస్త తగ్గినా ఆయన ఇంటి సందు దాటకముందే ఆపేసి దిగేవాడు.

ఆ పనికి కొన్ని పద్ధతులుండేవి. ఏ టైరు వేశారో నడిపేవాడికి చెప్పరు. టైరు పక్కనున్న పేరు మీద నల్ల పట్టీ అంటించి ఒకటో సెట్టు, రెండో సెట్టు అని మాత్రం సుద్దతో రాస్తారు. పేరు చూస్తే బుద్ధి పక్కకి లాగుతుందని. అలాగే, కారు కదిలాక పక్కన కూర్చున్నవాడు ఎంత పెద్దవాడైనా సరే, వాడి మాట చెవికెక్కించుకోకూడదు. కింది నుంచి కబురు వచ్చేదాకా ఆగాలి. వెండెలిన్ ఈ రెండో పద్ధతిని ఎంత ఒంటబట్టించుకున్నాడంటే, ఇంట్లో కూడా చేప వేగిందని భార్య గుద్రూన్ చెబితే సరేనని తలూపి, ఫోర్కుతో గుచ్చి చూసుకుని అప్పుడు తినేవాడు. ఎనిమిదికి మించి మార్కులు ఎవరికీ వేసి ఎరగడు. తెలీదు అన్న మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు.

ఉద్యోగం అయిపోయాక ముదురాకుపచ్చ రంగు కారొకటి కొనుక్కున్నాడు. ఇద్దరే పట్టే చిన్న బండి, ఇంజను వీపు వెనకాల ఉంటుంది. అంతకుముందూ ఆయనకి ఏదో ఒక ఇలాంటి బండి లేని రోజు లేదు. బండ్లు మారాయిగానీ ఆదివారం మారలేదు. పొద్దున చర్చి, అక్కణ్ణుంచి గుద్రూన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని కొండదారి, మధ్యలో ఎక్కడో కాఫీ, గింజల కేకు, మళ్ళీ ఇంకో దారిన ఇల్లు.

పోయిన చలికాలం ఆయన నడుము తిరగబడింది. మొదట కాలు లాగింది, తర్వాత నిలబడలేకపోయాడు, ఒకనాడు మంచం దిగబోతే నడుము కింద ఒళ్ళు తనది కానట్టు వేలాడింది. పట్నం ఆసుపత్రిలో వెన్ను తెరిచి, నరాలని నొక్కుతున్నదేదో తీసేశారు. కాళ్ళు తిరిగొచ్చాయి. పాదాలకి నేల చల్లదనం తెలుస్తోంది, గులకరాయి గుచ్చుకుంటే తెలుస్తోంది. తిరిగి రానిదల్లా కూర్చునే చోటు. కుర్చీలో కూర్చుంటే కింద కుర్చీ ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చేది. నరాలు మెల్లిగా కోలుకుంటాయి, కోలుకోకపోనూవచ్చు అంది డాక్టరమ్మ. కారు నడపొచ్చా అని అడిగితే పాదాలు నొక్కి చూసి, భేషుగ్గా నడపొచ్చు, బ్రేకు తొక్కేది కాలేగా, ఆ చోటుతో మీకేం పని అని నవ్వింది. పాపం ఆవిడకేం తెలుసు. నేను బతికిందే ఆ చోటు మీద అని చెప్పడానికి వెండెలిన్‌కి సిగ్గేసింది. బుద్ధిగా తలూపి ఇంటికొచ్చేశాడు. ఈ సంగతి గుద్రూన్‌కి తప్ప మూడో మనిషికి తెలియదు.

ఏప్రిల్ వచ్చింది. ఆ కారుకి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మాత్రమే రోడ్డెక్కే నంబరు పలక. షెడ్డులోంచి తీసి ఏటేటా చేయించే తనిఖీకి తీసుకెళ్తే, అక్కడివాళ్ళు టైర్లు మార్చుకోమన్నారు. ఎండలో తప్ప తిప్పని బండి, దాని టైర్ల మీద గాడులు కొత్తవాటిలాగే ఉన్నాయి. రబ్బరు మాత్రం ఎండి, గాడుల మధ్య సన్నగా బీటలు వారింది. అది చూసి ఆయనకే నవ్వొచ్చింది. పైకి అన్నీ బాగున్నవాడు తానొక్కడే కాదన్నమాట.

టైర్లంటే ఊళ్ళో ఒట్మర్ క్లేస్ షెడ్డుకే వెళ్ళాలి. ఒట్మర్, వెండెలిన్ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఈస్టర్ దగ్గరపడగానే ఊరంతా మంచు కోసం వేయించుకున్న చలికాలపు టైర్లు తీయించుకోవడానికి అక్కడే పడి ఉంటుంది. ఒట్మర్ చెల్లెలు గుమ్మం పక్కన పొయ్యి పెట్టి బంగాళాదుంప అట్లు పోస్తుంది, వాటిమీదికి ఆపిల్ గుజ్జు. సగంమంది టైర్ల కోసం, సగంమంది అట్ల కోసం వస్తారు.

ఒట్మర్ ఫోను చేశాడు. వెండెలిన్ కారు కొలతకి రెండు సెట్లు తెప్పించానని, రిమ్ములకెక్కించి పేర్లమీద నల్ల పట్టీలు కూడా అంటించానని, శనివారం వచ్చి పాత రోజుల్లోలాగా నడిపి చూసి తేల్చాలని అన్నాడు. ఆ కారే ఉన్నవాళ్ళు చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వెండెలిన్ ఏది మంచిదంటే వాళ్ళందరూ అదే వేయించుకుంటామని కాచుకుని ఉన్నారట. బోర్డు మీద నీ పేరుతో సుద్దతో రాసి పెడతాను, నాకూ నాలుగు డబ్బులొస్తాయి అన్నాడు. వెండెలిన్ మనసు వద్దు వద్దు అంటుండగానే నోరు సరే అనేసింది.

మర్నాడు కాఫీ దగ్గర గుద్రూన్ తిన్నగా అడిగింది.

"వాడికి ఉన్నదున్నట్టు చెప్పేయరాదూ?"

"ఏమని? నా పిర్రలకి స్పర్శ లేదనా? ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వుతుంది."

"నవ్వనీ."

ఆయన నవ్వనివ్వలేడు. మనిషికి ఒక్కొక్క చోట పరువుంటుంది, ఈయనకి అక్కడ ఉంది. రొట్టె ముక్కని కాసేపు పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించి, చివరికి ఒక ఉపాయం చెప్పాడు. పక్క సీటులో బరువుండాలని వంక పెట్టి గుద్రూన్‌ని ఎక్కించుకుంటాడు. కారు ఏం చేస్తోందో ఆమె తనకి తెలిసినట్టు చెబుతూ ఉంటే, దాన్నిబట్టి తాను మార్కులు వేస్తాడు. గుద్రూన్ రొట్టెకి వెన్న రాయడం ఆపి ఆయన మొహంకేసి చాలాసేపు చూసింది. ఆ చూపులో ఏముందో ఆయన ఆలోచించలేదు, ఒప్పుకుంటుందా లేదా అనే చూశాడు. ఆమె సరేనంది.

శనివారం ఒకటో సెట్టు వేసుకుని బయల్దేరారు. రోడ్డు పొడిగా ఉంది. ఊరు దాటి అడవి మలుపుల్లోకి వెళ్ళగానే గుద్రూన్ చెప్పడం మొదలుపెట్టింది. ఆమె పోస్టాఫీసు కిటికీ వెనక ఉద్యోగం చేసిన మనిషి, టైర్ల మాటలు ఒక్కటీ రావు. వచ్చిన మాటల్లోనే చెప్పింది.

"తడిగుడ్డతో బల్ల తుడిచినట్టుంది. లాగుతోంది, కానీ మెల్లిగా."

"ముందా, వెనకా?"

"వెనక. ముందు నువ్వు తిరిగావు, వెనక భాగం కోటు తొడుక్కుని తర్వాత వచ్చింది."

వెండెలిన్‌కి నవ్వాగలేదు. ఆపరేషన్ అయ్యాక ఆయన అంత మనసారా నవ్వడం అదే. ఆమె చెప్పింది చెప్పినట్టు ఆయనకి అర్థమైపోతోంది. పట్టు కాస్త తక్కువే అయినా, వదలబోయే ముందు చెప్పి వదిలే టైరు. ఇలాంటివాటిని ఆయన ఉద్యోగంలో ఉండగా తాతయ్యల టైర్లంటూ ఆరు మార్కులు పడేసి పక్కన పెట్టేవాడు. ఇప్పుడు ఆరున్నర ఇవ్వాలనిపించింది. ఒక మలుపులో ఆయన ఇంకా స్టీరింగు తిప్పకముందే గుద్రూన్, ఇక్కడ వెనకది కదులుతుంది చూడు అంది. నిజంగానే టైరు సన్నగా కీచుమంది. వెండెలిన్ ఆశ్చర్యపోయాడు. గండం గట్టెక్కుతోందన్న ధైర్యం వచ్చేసింది.

షెడ్డుకి వచ్చి రెండో సెట్టు వేయించుకుని మళ్ళీ అదే దారిన వెళ్ళారు. గుద్రూన్ చెప్పడానికి ఏమీ దొరకడం లేదంది. కారు రోడ్డుకి కుట్టేసినట్టు పోతోందిట. వెండెలిన్ ఎనిమిది అనుకున్నాడు. గుట్ట ఎక్కి దిగేసరికి, మా ఏప్రిల్ సంగతి తెలిసిందేగా, ఇవతల ఎండ ఉంటే అవతల వాన. అప్పుడే కురిసి వెలిసినట్టుంది, రోడ్డు నల్లగా మెరుస్తోంది. తడిలో టైరు కీచుమనదు. చెవికి తెలిసేదేమీ ఉండదు.

"వెండెల్," అంది గుద్రూన్, "వెనక పోతోంది."

ఆయన విన్నాడు. స్పష్టంగా విన్నాడు. విని ఆగాడు. ముప్పై ఏళ్ళు ఎలా ఆగాడో అలాగే, పక్కవాళ్ళ మాటని పక్కన పెట్టి, కింది నుంచి కబురు వస్తుందని ఆగాడు. ఆగింది రెప్పపాటే. కబురు రాలేదు. కళ్ళ ముందున్న రోడ్డు పక్కకి జరిగిపోయి, దాని చోట్లోకి కంచె వచ్చింది. అప్పుడు చేతులు వాటంతటవే పని చేశాయిగానీ అప్పటికే ఆలస్యమైపోయింది. కారు ఒక చుట్టు చుట్టి, తడి గడ్డిలోకి వెనక్కి జారి ఆగింది. కంచె అవతల ఆవులు నెమరు ఆపి చూశాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కారుక్కూడా గీత పడలేదు.

వెండెలిన్ ఇంజను ఆపేశాడు. నువ్వు చెప్పావు అన్నాడు. చెప్పాను అంది ఆమె. విన్నాను గుద్రూన్, విని కూడా ఆగాను అన్నాడు. ఆ తర్వాత ఆయనకి ఏడుపొచ్చింది. గుద్రూన్ ఆయన మోచేయి పట్టుకుని కూర్చుంది. ఆయనకి భయమేసింది తనకి ఏదో అవుతుందని కాదు. ఆ తప్పు టైరు చేసిందో, లేక తానే చేశాడో తేల్చుకునే దారి ఇక తనకి లేదని. రెండో టైరు తడిలో చెప్పకుండా వదిలేసే రకమో, మంచి టైరునే తాను పాడు చేశాడో, ఒకప్పుడైతే కారు దిగకముందే చెప్పేవాడు. ఇప్పుడు అది దేవుడికే తెలియాలి.

నడిచే వేగంతో షెడ్డుకి వచ్చారు. చక్రాల సందుల్లో గడ్డి చూసి మాంసం కొట్టు అతను, ఆవులకి మేత కోసుకొచ్చావా వెండెలిన్ అని పలకరించాడు. ఒట్మర్ సుద్దముక్క పట్టుకుని బోర్డు పక్కన నిలబడ్డాడు. అట్ల పళ్ళేలు చేత్తో పట్టుకుని అందరూ దగ్గరికి చేరారు.

"చెప్పరా, ఒకటా రెండా?"

"తెలీదు," అన్నాడు వెండెలిన్.

గొడ్ల డాక్టరు ముందు నవ్వాడు, వెనకాలే అందరూ. వెండెలిన్‌కి తెలీదట, ఇక పాదిరీ కూడా తనకి దేవుడు తెలీదంటాడు అన్నారెవరో. ఆయన గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు.

"నిజంగా తెలీదు ఒట్మర్. నా పిర్రలు చచ్చిపోయాయి. ఆపరేషన్ అయినప్పటినుంచి వాటికి ఏమీ తెలియడం లేదు."

ఆ మాటకి షెడ్డు పగిలిపోయింది. మాంసం కొట్టు అతను పళ్ళెం కింద పెట్టి మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. ముప్పై ఏళ్ళు అటువంటి కబుర్లతోనే ఊరిని నవ్వించినవాడాయె, ఇది అన్నిట్లోకీ గొప్పదనుకున్నారు. అంటే రెండూ ఒకటేనని గడుసుగా చెబుతున్నాడు అని ఒట్మర్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేశాడు: రెండూ సమానం, వెండెలిన్ మాట. గొడ్ల డాక్టరు, అయితే నాకు రెండోది, మా ఆవిడ వానలో కూడా అంతే వేగంగా తోలుతుంది అన్నాడు. వెండెలిన్ వద్దు అనబోయాడు. ఎందుకు వద్దని అడిగితే ఏం చెప్పాలి? మంచి టైరు మీద తన తప్పు రుద్దడమా, చెడ్డ టైరుని పోనిచ్చి ఒకరి ఇల్లాలి మీదికి తేవడమా? రెండిట్లో ఏది చేస్తున్నాడో కూడా తెలియని మనిషి ఏం మాట్లాడతాడు. బిక్కమొహం వేసుకుని అందరినీ చూస్తూ నిలబడిపోయాడు. నిజం చెప్పినా నమ్మరని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

అందరూ నవ్వుతున్నారు. గుద్రూన్ నవ్వడం లేదు. ఒట్మర్ కళ్ళు యథాలాపంగా ఆమె వైపు తిరిగి, అక్కడే ఆగిపోయాయి. అతను కాసేపు అలా చూసి, అరచేత్తో బోర్డు మీద రాసింది తుడిచేశాడు. ఈ పూటకి లెక్కలేమీ తేలలేదు, అట్లు చల్లారిపోతున్నాయి పొండి అని అందరినీ బయటికి తోలి తలుపు దగ్గరికి వేశాడు. స్నేహితుడి భుజమ్మీద చెయ్యి వేసి, ఇంతకాలం చెప్పలేదేం రా అన్నాడు. గొడ్ల డాక్టరుకి తానే ఏదో సర్దిచెబుతానని, ముందు నీ బండి సంగతి చూద్దామని కారుని పైకెత్తి నాలుగు చక్రాలూ ఊడదీశాడు.

"మరి నీకేది వెయ్యను?"

వెండెలిన్ ఆలోచించుకునే ఉన్నాడు. మొహంలో కాస్త వెలుగొచ్చింది.

"ఒకటో సెట్టు వెయ్యి. అది ముందే చెప్తుంది. నాకు కాదులే, గుద్రూన్‌కి. ఇకమీద తను పక్కన లేకుండా బండి తియ్యను, తను మాటన్న మరుక్షణం వింటాను. నీకు తెలీదు ఒట్మర్, ఈవిడ మీటరు ముందు నాది దండగ. కంపెనీలో ఎంతమందికి నేర్పానో, వెనక భాగం కదలకముందే కదులుతుందని చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఈవిడ చెప్పింది. ఎలా పట్టావు గుద్రూన్? ఎప్పుడు నేర్చుకున్నావు?"

గుద్రూన్ చేతిసంచీ పిడిని సరిచేసుకుంది. ఒట్మర్ ఎదురుగా చెప్పాలా అన్నట్టు ఒకసారి చూసి, చెప్పింది.

"నేర్చుకోలేదు. భయం."

"ఏం భయం?"

"నీ పక్కన కూర్చుంటే భయం వెండెల్. ప్రతి ఆదివారం. ఎక్కడ జారుతుందో, ఎక్కడ పోతామో అని రోడ్డునే చూస్తూ బిగబట్టుకుని కూర్చునేదాన్ని. అలా కూర్చున్నదానికి తెలియదూ, ఎప్పుడు కదులుతుందో?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది.

"ఒక్కసారైనా చెప్పలేదే."

"దిగగానే నీ మొహం అలా వెలిగిపోతూ ఉండేది. ఇంక ఏం చెప్తాను. ఆపరేషన్ అయ్యాక, నా పాపం శమించుగాక, ఇక ఆదివారాలు ఇంట్లోనే అనుకున్నాను." మళ్ళీ తనే అంది: "నీకు కావాలంటే కూర్చుంటాను. అలవాటేగా. వేయించుకో."

ఒట్మర్ టైరుని నిలబెట్టి పట్టుకుని వాళ్ళిద్దరి వైపూ చూడకుండా నేలకేసి చూస్తున్నాడు. వెండెలిన్ వెళ్ళి దాని మీద చెయ్యి వేశాడు. వేళ్ళకి రబ్బరు కొత్తగా, మెత్తగా తగిలింది. వెయ్యమని అంటే ఆమె వచ్చి కూర్చుంటుంది. వద్దంటే ఆయన జీవితంలో ఇంకేమీ లేదు. గాలి కాస్త తగ్గితే తెలిసిన మనిషికి, మోచేతి దూరంలో అన్నేళ్ళు బిగుసుకుని కూర్చున్న మనిషి సంగతి తెలియలేదు. అప్పుడు ఒంట్లో అన్నీ పని చేస్తూనే ఉన్నాయి మరి.

"ఇవాళ వద్దులే ఒట్మర్," అన్నాడు.

కారుని చక్రాల్లేకుండా అలాగే పైన వదిలేసి ఇద్దరూ నడిచి ఇంటికి బయల్దేరారు. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఆమె కొంచెం ముందు నడుస్తోంది. చర్చి మలుపు దగ్గర ఆయన ఆగి, వినిపించీ వినిపించనట్టు అడిగాడు.

"ఎప్పటినుంచి గుద్రూన్?"

ఆమె వెనక్కి తిరగలేదు.

"మొదటి ఆదివారం నుంచి."